స్ఫురణ ఎప్పుడు కలుగును?

ఎంత వెదకినను దొరకని ఉపాయము స్నానము చేయుచుండగా తోచును. రాత్రి పడుకొనువరకు తెగని చిక్కు, తెల్లవారి ముంగిట కళ్లాపి చల్లుచుండగా దానంతట అదియే విడిపోవును. ఇది ప్రతి ఇంటను కలుగు అనుభవమే. అయినను లోకము దీనిని రెండు విధములుగా అపార్థము చేసికొనుచున్నది. ఆలోచన వచ్చునప్పుడు అదే వచ్చును గనుక శ్రమ అనవసరమని కొందరందురు. చేయి ఆడని ప్రతి నిమిషమును వ్యర్థమేయని మరికొందరందురు. ఈ రెండింటి నడుమ దాగిన సత్యమును తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ఒక మామిడితోటను ఏడాది పొడుగున చూచిన చాలును.

చెట్టు చెప్పు పాఠము

విజయవాడ నుండి ఇబ్రహీంపట్నము మీదుగా మైలవరము పోవు మార్గమున జి. కొండూరు ఉన్నది. 2022 వరకు కృష్ణా జిల్లాలో నుండి, ఆ సంవత్సరము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మండలము నూజివీడు మామిడి సీమలోనిది. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, ఈ ప్రాంతమువారు కలెక్టరు కాయయని పిలుచు తోతాపురి ఈ సీమ తోటలకు అలవాటైన రకములు.

వేసవిలో కాయ కోత ముగియగానే రైతునకు పని ఆరంభమగును. ఎండుపుల్లలను, అడ్డుకొమ్మలను తీసివేయును. తొలకరి పడగానే దున్ని, పాదులు చేసి, ఎరువు వేయును. వానకాలమంతయు చెట్టు మేసి, చిగిర్చి, బలము కూర్చుకొనును. వానలు వెనుకబట్టిన తరువాత ఆశ్వయుజ కార్తిక మాసములలో రైతు మరియొక పని చేయును. నిజమునకు అది చేయకుండుట. తోటకు నీరు ఆపివేయును. దీనినే చెట్టును బెట్టకు వదలుట యందురు.

తెలియనివాడు ఆ దినములలో తోటను చూచినచో చెట్టు ఊరక నిలిచియున్నదనియు, రైతు సోమరియైనాడనియు తలచును. కాని ఆ ఊరకుండుటలోనే కొమ్మ కొసలయందు పూమొగ్గ రూపు కట్టుచుండును. ఆత్రపడి ఆ సమయమున నీరు పెట్టినను, అకాలమున వాన కురిసినను చెట్టు పూతకు బదులు చిగురు వేయును. ఆకు దట్టముగా నుండును. కాపు మాత్రము తగ్గును. బెట్ట చక్కగా కుదిరిన తోట మార్గశిర పుష్యములలో పూతతో నిండును.

ఇందు గమనింపదగినవి మూడు కలవు. వానకాలమున ఎరువు, సేద్యము ఎరుగని చెట్టును ఎంత కాలము బెట్టకు వదలినను అది బడలికయే గాని విశ్రాంతి కాదు. ఇది మొదటిది. అన్నియు చేసిన పిమ్మట బెట్ట ఇయ్యనిచో చిగురే గాని పూత రాదు. ఇది రెండవది. పూత వచ్చినంత మాత్రమున కాయ రాదు. తేనెమంచు పురుగు నుండియు, బూడిద తెగులు నుండియు దానిని కాపాడవలెను. అప్పటికిని పూసిన పూతలో కాయగా నిలుచునది అత్యల్పము. ఇది మూడవది. మానవుని మనస్సునందు మంచి ఆలోచన పుట్టు క్రమమును ఇట్టిదే.

పోతన చూచిన ఇసుకతిన్నె

తెలుగువారికి స్ఫురణను గూర్చి ఇంతకంటె ప్రసిద్ధమైన ఉదాహరణము మరియొకటి లేదు. పదునైదవ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన శైవ సంస్కారమున పెరిగినవాడు. వీరభద్ర విజయము ఆయన తొలి రచనయని ప్రసిద్ధి. ఆయన వ్యవసాయము చేసికొని జీవించినాడని జనుల విశ్వాసము. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తికి చేరువనే, నేటి తెలంగాణలోని జనగామ జిల్లాలో, బమ్మెర గ్రామమున్నది.

భాగవతమును తెనిగింపవలెనను సంకల్పము తనకెట్లు కలిగెనో పోతన ఆ గ్రంథము మొదటనే చెప్పియున్నాడు. అది పూర్ణిమనాటి రాత్రి, చంద్రగ్రహణ సమయము. ఆయన గంగకు పోయి స్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి, కన్నులు అరమోడ్చి మహేశ్వరుని ధ్యానించుచుండెను. ఆ సమయమున శ్రీరాముడు కనిపించి భాగవతమును తెనిగింపుమని ఆనతిచ్చెను.

భక్తులు దీనిని దర్శనముగా గ్రహింతురు. అధ్యయనము చేయువారు ఆ సన్నివేశమును కూడ గ్రహింపవలెను. చేతిలో గంటము లేదు. ఎదుట తాటియాకు లేదు. స్నానము ముగిసినది. దేహము చల్లబడినది. మనస్సు ఒక్కచోట నిలిచినది. అయితే ఆ ఇసుకతిన్నెపై కూర్చున్నది ఎవరు? ఏండ్ల తరబడి పురాణములను, కావ్యములను, ఛందస్సును అభ్యసించిన పండితుడు. ఆ సాధన లేనివాడు ఎన్ని గ్రహణ స్నానములు చేసినను భాగవతము తెనుగు కాదు.

మరియొక విశేషము కలదు. ఆయన ధ్యానించినది మహేశ్వరుని, కనిపించినది రాముడు. స్ఫురణ మన ఆజ్ఞకు లోబడి రాదనుటకు ఇది చాలును. మనము ఎదురుచూచు వాకిట గాక, అది మరియొక వాకిట వచ్చి నిలుచును.

పోతనను గూర్చిన జనశ్రుతి ఒకటి ఇందుకు తోడుగా నిలుచుచున్నది. గజేంద్రమోక్షణ ఘట్టమున వైకుంఠమును వర్ణింప బూని, పద్యము ముందునకు సాగక, ఆయన గంటము దించి బయటికి పోయెననియు, తిరిగి వచ్చుసరికి ఆ పద్యము పూర్తియై యుండెననియు, రాముడే పోతన రూపమున వచ్చి వ్రాసి పోయెననియు చెప్పుదురు. చరిత్రగా దీనిని నిరూపింప వీలులేదు. కాని తెలుగు జనులు ఈ కథను తరతరములుగా నిలుపుకొనుటలో ఒక ఎరుక కలదు. ఆగిపోయిన పద్యమును పట్టుకొని పెనగులాడుటకంటె, గంటము దించి లేచుట మేలగు క్షణము ఒకటుండునని వారికి తెలియును.

ఇతరులు కనుగొన్నది

ఈ అనుభవము కవులకే పరిమితము కాదు. ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఆన్రీ పోయంకారే ఒక కఠిన సమస్యపై బహుదినములు శ్రమించి, దానిని విడిచి ఒక యాత్రకు పోయెను. కూటాన్స్ అను ఊరిలో బండి ఎక్కుటకు మెట్టుమీద అడుగు పెట్టగానే అంతవరకు తోచని సంబంధము ఒక్కసారిగా తోచెను. ఇంటికి చేరిన పిమ్మట తీరికగా లెక్క చేసి సరిచూచుకొనెను. 1908లో ఈ సంగతిని వివరించుచు, ముందు శ్రమ, వెనుక పరీక్ష లేనిదే ఇట్టి స్ఫురణ ఫలింపదని ఆయన స్పష్టపరచెను.

విశాఖపట్టణమున బాల్యము గడపిన సి.వి. రామన్ 1921లో విదేశమునుండి ఓడలో తిరిగివచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, ఆ రంగునకు కారణమేమి యని ఆలోచనలో పడెను. ఓడ ప్రయాణమనగా ఆనాడు బలవంతపు విశ్రాంతియే. ఆ నీటిని వేలమంది చూచిరి. వెలుగును గూర్చి అంతకుముందే ఏండ్లుగా పరిశోధించిన రామన్‌కు మాత్రమే అది ప్రశ్నగా మారెను. ఆ ప్రశ్న వెంట ఏడేండ్ల శ్రమ నడచెను. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితము వెలువడినది; 1930లో నోబెల్ బహుమతి లభించినది.

ఆంగ్ల పండితుడు గ్రాహం వాలస్ 1926లో ఈ క్రమమును నాలుగు దశలుగా విభజించెను. అవి సన్నాహము, లోలోపల పక్వమగుట, స్ఫురణ, పరీక్ష. మామిడి రైతు భాషలో వీనినే సేద్యము, బెట్ట, పూత, కాపుదల యనవచ్చును.

నేటి శాస్త్రము దీనికి మరికొంత వెలుగునిచ్చినది. దేహపు బరువులో మెదడు సుమారు 2 శాతమే యైనను దేహము వాడు శక్తిలో సుమారు 20 శాతము అదియే వాడును. మనిషి ఏ పనియు లేక కూర్చున్నప్పుడు సైతము ఈ వాడకము ఏమంత తగ్గదు. ఊరకున్నప్పుడు మరింత చురుకుగా నుండు మెదడు భాగములు కొన్ని కలవని మార్కస్ రైకిల్ అను వైద్యశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2001లో వివరించిరి. 2004లో జర్మనీలో జరిగిన ఒక పరీక్షలో కొందరికి ఒక లెక్కల పని నేర్పిరి. నేర్చిన పిమ్మట నిద్రించి లేచినవారిలో సగమునకు పైగా అందు దాగిన సులభ సూత్రమును కనుగొనగా, మేలుకొనియున్నవారిలో నాల్గవవంతునకు లోపుగానే కనుగొనిరి.

2012లో వెలువడిన మరియొక పరీక్షలో, విరామ సమయమున ఊరక కూర్చున్నవారికంటె మనస్సునకు భారము కాని తేలికపాటి పని చేసినవారికి పాత సమస్యలపై క్రొత్త ఆలోచనలు ఎక్కువగా తోచెనని తేలినది. తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో ఈ ఫలితము అట్లే రాలేదు. కావున దీనిని తుది మాటగా గైకొనరాదు. 2019లో భౌతికశాస్త్రవేత్తలను, రచయితలను ప్రతిదినము ప్రశ్నించి చూడగా, వారి ముఖ్యమైన ఆలోచనలలో సుమారు ఐదవవంతు ఆ పనితో సంబంధము లేని వేళలలో, మనస్సు మరియొకచోట తిరుగుచుండగా కలిగినవని తెలిసినది. చిక్కుపడి ఆగిన చోట దారి చూపినవి వీనిలో విశేషముగా నుండెను. తక్కినవానిలో అధికభాగము పని ఎదుట కూర్చున్నప్పుడే కలిగినవి. ఐదింట ఒకటి విశ్రాంతి వరమైనను, నాలుగు శ్రమ బిడ్డలే. సోమరితనమునకు శాస్త్రము నుండి ఆధారము దొరకదు.

కాయకమునందలి విశ్రాంతి

పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు ఎవరు? నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య వెదురు బుట్టలు అల్లెను. మడివాళ మాచయ్య బట్టలు ఉతికెను. కదిర రెమ్మవ్వ రాట్నము వడికెను. వీరందరును కాయకమున నున్నవారే. వీరి పేర వచనములు నిలిచియున్నవి. చౌడయ్యకు సంసారము దాటవలసిన ప్రవాహముగా కనిపించెను. రెమ్మవ్వకు రాట్నపు అంగములలో దైవతత్త్వము కనిపించెను. తత్త్వము వీరికి పనిముట్లకు దూరముగా, వేరొక గదిలో దొరకలేదు. పేను చేతిలో, తెడ్డు వేయు చేతిలో, వడుకు చేతిలోనే అది రూపుకట్టినట్లు ఆ ఉపమానములే సాక్ష్యమిచ్చుచున్నవి.

త్రాడు పేనుట, నూలు వడుకుట వంటి పనులకు ఒక లయ కలదు. చేయి తన దారిన తాను పోవును. మనస్సు చేతికి కట్టుబడియు స్వేచ్ఛగా నుండును. దేహము పనిలో నుండగా మనస్సు నిలకడ పొందు ఈ స్థితి ఒకవిధమైన విశ్రాంతియే. ఇంటిలో విసరుట, దంచుట, చెరుగుట, తోటలో పాదు చేయుట ఇట్టివే. తెలుగునాట ఇట్టి పనుల వెంట పాట పుట్టినది. సోమనాథుని పండితారాధ్య చరిత్రయందు తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు మున్నగు పాటల పేర్లు కనిపించుట ఆ కాలపు జనుల గొంతులో పాట ఎంతగా నిండియుండెనో తెలుపుచున్నది.

అయితే కాయకము ఆలోచనల కొరకు వేయు వల కాదు. అది పూజ. స్ఫురణ దానికి కూలిగా గాక ప్రసాదముగా వచ్చును. వచ్చినను రాకున్నను చేతిలోని త్రాడు పేనవలసినదే.

లక్కమ్మ గీచిన గీత

శ్రమ ఎంత, విశ్రాంతి ఎంత? ఈ ప్రశ్నకు ఆయ్దక్కి మారయ్య భార్యయైన లక్కమ్మ చరిత్రమున సమాధానము కలదు. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకప్పుడు ఆయన గోష్ఠిలో మునిగి కాయకమును మరచియుండగా, కాయకము నిలిచిపోయినది, పొమ్మని లక్కమ్మ హెచ్చరించెను. మరియొకప్పుడు ఆయన ఆనాటి అవసరమునకు మించి బియ్యము తీసికొనిరాగా, అధికమైనదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను.

ఈ రెండును ఒకే తక్కెడకు రెండు తట్టలు. మాట పేరిట పని మానరాదు. ఆశ పేరిట పనికి హద్దు మీరరాదు. రేపటికి, ఎల్లుండికి, మరుసటి ఏటికి కూడ నేడే ఏరుకొనువానికి దినమున విరామమెక్కడిది? హద్దు తెలిసిన కాయకమే మనస్సునకు బెట్ట ఇయ్యగలదు.

స్ఫురించినది సభకు రావలెను

ఒంటరిగా తోచినదెల్ల సత్యము కాదు. పూసినదెల్ల కాయ కానట్లే తోచినదెల్ల జ్ఞానము కాదు. స్నానవేళ గొప్పగా తోచిన ఉపాయము భోజనవేళకు తేలిపోవుట అందరెరిగినదే. శరణులు దీనికొక మార్గమేర్పరచిరి. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఎదుట ఎవరి అనుభవమును వారు నివేదించిరి, ప్రశ్నలకు నిలిచిరి. అక్కమహాదేవి అంతటి వైరాగ్యమూర్తిని సైతము అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించిన పిమ్మటనే సభ తల వంచి గౌరవించెను. ఆ ప్రశ్నలు ఆమెను అవమానించుటకు కాదు. ఆమె అనుభవము ఆమె ఒక్కతెకే గాక అందరికిని వెలుగగుటకే అవి అవసరమైనవి.

విశ్రాంతి ఎవరి సొత్తు?

ఇంతవరకు చెప్పినది నిజమైనచో దాని వెంట ఒక బాధ్యత వచ్చుచున్నది. మంచి ఆలోచన విరామమున కలుగునేని, ఒకరి విరామమును హరించుట వారి ఆలోచనను హరించుటయే.

వేకువను లేచి రాత్రి అందరును పడుకొన్న పిమ్మట నడుము వాల్చు ఇల్లాలిని తలచుకొనవలెను. ఆమె చేయు ప్రతి పనిని నడుమ ఆపి మరియొక పనికి పిలుతురు. కూర కోయుచుండగా నీళ్లకు, నీళ్లు తెచ్చుచుండగా తలుపునకు. ఆ పనియందు లయ లేదు. లయ లేని చోట మనస్సునకు నిలకడ లేదు. పిదప, ఇంటి విషయములలో ఆమెకు ఆలోచన లేదని ఆ ఇంటివారే అందురు. కాయ కోత దినములలో ఎండలో నిలిచి చిక్కము కఱ్ఱతో కాయ దించు కూలికి మధ్యాహ్నము చెట్టునీడన కూర్చుండు వ్యవధి ఇయ్యక, ఆ మనుష్యులకు తెలివి లేదని యజమాని యనుటయు ఇట్టిదే. త్రాళ్లు పేనువానికిని, నూలు వడుకుదానికిని సభలో స్థానమిచ్చిన బసవేశ్వరుని అనుయాయుల ఇండ్లలో ఇది జరుగరాదు. దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు; తనకున్న తీరికలో ఇతరులకు పాలు పంచుటయు దాసోహమే.

నేడు విరామమును హరించునది మరియొకటి చేరినది. అరుగుమీద కూర్చున్నను, బస్సునకు ఎదురుచూచుచున్నను, చివరకు పూజకు ముందును వెనుకను సెల్‌ఫోను చేతికి వచ్చుచున్నది. చేయి ఊరకయే యున్నది గాని మనస్సునకు క్షణము తీరిక లేదు. కార్తికమున తోటకు నీరు వదలిన రైతుకును, దొరికిన ప్రతి ఖాళీ నిమిషమున మనస్సునకు ఏదో ఒకటి తాపించువానికిని భేదము లేదు. ఇద్దరికిని చిగురు దట్టముగా వచ్చును.

ఆచరణము

ఇది కష్టసాధ్యమైన వ్రతము కాదు. ఏ చిక్కు గూర్చి ఆలోచింపవలెనో దానిని మొదట పూర్తిగా పరిశీలించి, తెలిసినవారిని అడిగి, శక్తికొలది శ్రమించి, పిమ్మట దానిని విడిచి కాయకమునకు పోవలెను. ఇష్టలింగపూజ ముగిసిన వెంటనే లేవక కొంతసేపు మౌనముగా నుండవలెను. ఉపాయము తోచుటకై పూజ చేయరాదు. పూజ వలన కలిగిన నిశ్చలతను వెంటనే చెదరగొట్టకుండిన చాలును. ఇంటిలో ఒక్కొక్కరికి, ముఖ్యముగా ఇల్లాలికి, ఎవరును పిలువని కొంత కాలము దినమున ఏర్పరుపవలెను. చదువుకొను పిల్లవాడు కిటికీ వైపు చూచుచు కూర్చున్నచో వెంటనే గద్దింపరాదు. వాడు అంతకుముందు చదివెనా లేదా యని మాత్రము విచారింపవలెను. తోచినదానిని మరచిపోకముందే వ్రాసికొని, ఇంటి పెద్దల ఎదుటనో, మఠమున గోష్ఠిలోనో ఉంచి, ప్రశ్నలకు ఓర్చుకొనవలెను. మఠములయందు ప్రవచనము వెనుక ప్రవచనము జరుపక, నడుమ కొంత నిశ్శబ్దమునకు చోటిచ్చినచో విన్నది లోనికి ఇంకును.

జి. కొండూరు తోటలలో కార్తికపు ఎండ పడు వేళ రైతు చెట్టు మొదట నిలిచి పైకి చూచును. కొమ్మలలో కదలిక లేదు. ఆకు ముదిరి మౌనముగా నున్నది. మడకు గండి కొట్టుటకు పార చేతిలోనే యున్నది. కొట్టడు. తాను చేయవలసినది వానకాలముననే చేసితినను ధైర్యముతో పార భుజమున పెట్టుకొని ఇంటికి పోవును.

గోష్ఠియందు చర్చించుటకు

1. మామిడికి బెట్ట ఇచ్చుటకును, తోటను నిర్లక్ష్యము చేయుటకును గల భేదమేమి? మనస్సు విషయమున ఆ భేదమును ఎట్లు గుర్తింపవలెను?

2. లక్కమ్మ మారయ్యను హెచ్చరించిన రెండు సందర్భములలో నేటి గృహస్థునకు ఏది ఎక్కువ అవసరము?

3. ఒంటరిగా తోచినదానిని సభలో పరీక్షింపక ఆచరించుట వలన కలుగు నష్టమేమి?

4. మీ ఇంటిలో విరామము మిక్కిలి తక్కువగా గలవారెవరు? వారికి అది ఎట్లు సమకూర్పవచ్చును?